సిరా ఫిల్లరుతో పట్టిన పాలు

మా పై వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి మొన్న పొద్దున మెట్లు దిగి వచ్చి, నా అరచేతిలో ఒక పిల్లికూనను పెట్టింది. కళ్ళింకా తెరవలేదు. తడిసిన బొచ్చు, పులిసిన పాలు, వెచ్చటి పాత గుడ్డ, ఈ మూడూ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. అది నా ముక్కుకు తగిలి నలభై ఏళ్ళు దాటింది. ఆ అమ్మాయి, ఫోన్లో ఒకడు పాలు పట్టమంటున్నాడనీ ఇంకొకడు పట్టొద్దంటున్నాడనీ, ఎవరి మాట వినాలో తెలియడం లేదనీ చెప్పింది. పట్టమన్నవాడినీ వద్దన్నవాడినీ కూడా కాసేపు తిట్టాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడో కూర్చుని, ఒక ప్రాణిని కళ్ళతో చూడకుండా ఎలా చెప్తారు? తిట్టడం అయ్యాక కూనను బోర్లా తిప్పి, పొట్ట కింద వేలు పెట్టి వెచ్చగా ఉందో లేదో చూశాను. ఆ వేలు పెట్టడం నాకు నేర్పింది సువార్తమ్మ గారు. ఆమెను ఎరిగినవాళ్ళు బందరులో ఇప్పుడు పదిమంది కూడా మిగిలి ఉండరు. ఎవరో ఒకరు రాయాలి కదా.

ముందు నా సంగతి కొంత చెప్పాలి, లేకపోతే ఆమె నాతో ఎంత పడిందో తెలియదు. నాగాయలంక దిగువన సముద్రం మీద బతికిన కుటుంబం మాది. మూడో తరగతితో బడి మానేశాను. మానేశాను అనడం మర్యాదకి, నిజానికి పంతులే నన్ను వదిలించుకున్నాడు. ఆ తర్వాత నా చదువంతా ఎండుచేపలు కట్టే పాత పేపర్ల మీద సాగింది. సగం చిరిగిన వార్త చదివి, మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తెలిసిందంతా తన సొంత కష్టం అనుకుంటాడు. ఎదుటివాడు మంచి చెప్పినా దబాయించినట్టే వినపడుతుంది. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. కుళాయి రాకపోతే అర్జీ, బస్సు ఆగకపోతే అర్జీ, రేషను బియ్యంలో రాళ్ళుంటే ఆ రాళ్ళు పొట్లం కట్టి మరీ అర్జీ. సిరా కలం, సిరా బుడ్డి, కలంలోకి సిరా ఎక్కించే ఫిల్లరు ఎప్పుడూ నా దగ్గర ఉండేవి. రాసినవాటిలో అన్యాయం ఎప్పుడూ అవతలివాళ్ళదే.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. గిలకలదిండి దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పని. తెల్లవారుజామున బోట్లు సముద్రానికి బయల్దేరే లోపల ఐసు దిమ్మలు పగలగొట్టి ఎక్కించాలి కాబట్టి మా డ్యూటీ రాత్రి పూట. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి పగలు పడుకునేవాణ్ణి. నా భార్య తొలి కాన్పుకు నాగాయలంకలో పుట్టింటికి వెళ్ళింది. ఆమె బిడ్డతో తిరిగొచ్చేసరికి సొంతంగా ఒక ఇల్లు సిద్ధం చేయాలని, రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకుని దిగాను. పక్కిల్లే సువార్తమ్మ గారిది. ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి మానుకున్న మనిషి. సొంతూరు మొవ్వ దగ్గర. భర్త పోయాడు, ఒక్కతే కూతురు గుడివాడలో కాపురం. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ తెల్లచీరలో ఉండేది. చదువు రాదు. కూతురి ఉత్తరాలు నేను చదివి పెట్టేవాణ్ణి. అందుకు నాకు గర్వంగా కూడా ఉండేది.

ఇల్లు మారిన మూడో రోజు, మా అత్తగారు పంపిన ఎండుచేపల మూటను ఒక చారల పిల్లి లాక్కుపోయింది. వంటగది కిటికీకి రెక్కలు లేవు, అందులోంచే వస్తోంది. ఇంటి ఓనరుకు చెప్తే చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మధ్యాహ్నమే ఒక చెక్క తెచ్చి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టేశాను. సాయంత్రం దాకా ఆ పిల్లి గోడ మీద కూర్చుని ఒకటే అరుపు. దొంగతనం చేసింది చాలక పైగా గొడవా అని చెంబెడు నీళ్ళు విసిరాను. వీలుంటే దాని మీద కూడా అర్జీ పెట్టేవాణ్ణి.

మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి అటక మీద నుంచి సన్నగా, తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు. పాత గోనెసంచి మడతలో పిల్లికూన. నా బొటనవేలికంటే కాస్త పెద్దది. నేను తిన్నగా ఓనరు దగ్గరికి పోయి, ఇల్లిచ్చేటప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాను. ఆయన దంతధావనం ఆపకుండానే, కాలవ గట్టున పడేసి రమ్మన్నాడు. ఆ మాట నచ్చక తిరిగొచ్చానే గాని, ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు. పెరటి గోడ అవతల సువార్తమ్మ గారు అంట్లు తోముకుంటోంది. నా చేతిలో ఉన్నది చూసి చెయ్యి కడుక్కుని వచ్చింది. తల్లి ఏదని అడిగింది. కిటికీకి చెక్క కొట్టిన సంగతి కాస్త గొప్పగానే చెప్పాను.

ఆమె చెక్క వంక చూసింది, నా వంక చూసింది. "మొన్న మా బావి పక్కనించి రెండు పిల్లల్ని నోట కరుచుకుపోతుంటే చూశాను నాయనా. ఒకదాని తర్వాత ఒకటి మోసుకుపోతోంది. మధ్యలో నువ్వు దారి మూసేశావు. నిన్న గోడ మీద ఏడ్చింది చేపల కోసం కాదు."

చెక్క పీకేశాం. కూనను తాటాకు బుట్టలో పెట్టి కిటికీలో ఉంచి, ఇద్దరం దూరంగా ఆమె గుమ్మంలో కూర్చున్నాం. ప్రతి అరగంటకూ ఆమె వెళ్ళి బుట్ట కింద వేడినీళ్ళ సీసా మార్చేది. నిద్ర ముంచుకొస్తున్నా నేను కదల్లేదు. పొద్దుగుంకే దాకా చూశాం. తల్లి రాలేదు. ఆమె లేచి చీర దులుపుకుని, "తల్లిని తరిమింది నువ్వు. ఇంక తల్లివి నువ్వే" అంది. కోప్పడుతూ అన్న మాట కాదు. వార్డులో ఎవరికి ఏ మంచమో చెప్పినట్టు చెప్పింది.

నాకు పౌరుషం వచ్చింది. పుట్టబోయే బిడ్డ కోసం కొని పెట్టిన ఉగ్గుగిన్నె తెచ్చి, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మా అమ్మ నా తమ్ముళ్ళకు పట్టినట్టే, కూనను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి గిన్నె కొమ్ము నోటికి ఆనించాను. ఆమె ఒక్క అంగలో వచ్చి లాగేసుకుంది. తల కిందికి వంచి ముక్కు తుడిచింది. "మనిషి బిడ్డ వెల్లకిలా తాగుద్ది, ఇది బోర్లా తాగుద్ది. ఇట్టా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీ దగ్గర సిరా ఫిల్లరుంది గదా, అది తే." అర్జీలు రాసే ఫిల్లరది. మూడుసార్లు మరగబెట్టినా నీళ్ళు నీలంగానే వచ్చాయి, నాలుగోసారికి తేటపడ్డాయి. అది తీసుకుని కూనను పట్టుకోబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది. ఐసు దిమ్మలు మోసే చేతులు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. "ఒళ్ళు చల్లగా ఉంటే పాలు అరగవు. ముందు దాన్ని వెచ్చబెట్టాలి, దాన్ని వెచ్చబెట్టే ముందు నీ చేతులు కాచుకోవాలి" అంది. ఆనాటి నుంచి పొద్దున ఇంటికి రాగానే నా మొదటి పని స్టవ్వు ముందు చేతులు చాపుకుని నిలబడటం.

ఆవుపాలలో మరిగించి చల్లార్చిన నీళ్ళు సగానికి సగం. రెండున్నర గంటలకొకసారి మూడు ఫిల్లర్లు. ఒక్కో చుక్క, అది మింగిందాకా ఆగి. తర్వాత తడిదూదితో వెనకభాగం మెల్లగా రుద్దాలి, తల్లి నాకినట్టు. అలా రుద్దితే గాని ఆ వయసులో ఉచ్చ పోసుకోవడం కూడా వాటికి రాదట. నేను మొహం చిట్లించడం చూసి ఆమె నవ్వింది. నీ పెళ్ళాం వచ్చాక కూడా ఇట్టాగే మొహం పెడతావా అని అడిగింది. పగటి వంతు నాది, రాత్రి వంతు ఆమెది. వయసు మీద పడ్డాక ఎటూ నిద్ర పట్టదు, ఇదన్నా ఒక పని అనేది.

వంతు మారేటప్పుడు మాత్రం ఆమె మూడు ప్రశ్నలు అడిగేది. ఎన్నింటికి పట్టావు, ఎంత పట్టావు, పోసిందా. వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఈ మూడూ అడక్కుండా బిడ్డను చేతిలోకి తీసుకునేది కాదట, డాక్టరమ్మ ఎదురుగా ఉన్నా సరే. నాకది పోలీసువాడు అడిగినట్టుండేది. నా మీద నమ్మకం లేదా అని ఒకసారి అనేశాను కూడా. ఆమె మళ్ళీ అదే అడిగింది.

అలా ఆరు రోజులు గడిచాయి. కూన వేలు పట్టుకుని పీల్చడం మొదలెట్టింది. ఏడోరోజు ఆదివారం. అంతకు ముందు రాత్రి ఒకతను రాక, ఇద్దరి పనీ నేనే చేసి వచ్చాను. సువార్తమ్మ గారు ఏడున్నరకు పాలు పట్టేసి, ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళింది. ఆ రోజు ఆరాధన తర్వాత ఎవరింటనో ప్రార్థన ఉందట. పదింటికి, పన్నెండున్నరకు, మూడింటికి పట్టమని చెప్పింది. బుట్ట పక్కన గోడకి ఆనుకుని పది కొట్టడం కోసం చూస్తూ కూర్చోవడం గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి మూడు కావస్తోంది. సీసాలో నీళ్ళు చల్లారిపోయాయి. కూన బుట్ట అంచుకు పోయి ముడుచుకుని ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. అరవడం లేదు.

వెచ్చబెట్టాలన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. కాని ఆమె వచ్చేలోగా పోయిన రెండు వంతులూ పూడ్చెయ్యాలన్న ఆత్రం దాన్ని తొక్కేసింది. నీళ్ళు కాచే ఓపిక లేక చిక్కటి పాలే పట్టాను. మూడు వంతులకీ కలిపి తొమ్మిది ఫిల్లర్లు. అది తాగింది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగింటికి ఆమె వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగింది. పదింటికి, పన్నెండున్నరకు, మూడింటికి, మూడేసి ఫిల్లర్లు, పోసింది అని చెప్పాను. ఒక్క చోట కూడా గొంతు తడబడలేదు. బందరంతా దొంగలెక్కలని అర్జీలు రాసేవాడి గొంతది.

అయిదున్నరకు ఆమె తన వంతు పట్టింది. ఏడున్నర దాటాక చూస్తే కూన పొట్ట తోలు బిగించిన డప్పులా ఉంది. ముక్కులోంచి పాలు బుడగ కట్టాయి. కింద పలచగా, పసుపుగా అవుతోంది. ఆమె దీపం దగ్గరికి తీసుకెళ్ళి ఎంతసేపో చూసింది. నేను కేరేజీ చేతిలో పట్టుకుని డ్యూటీకి బయల్దేరుతున్నాను. బయటికి అడుగు వేస్తుండగా ఆమె మాట వినపడింది.

"నా చూపు తప్పింది నాయనా. మూడనుకుని ఎక్కువ పట్టినట్టున్నాను. ముప్పై ఏళ్ళు పసివాళ్ళని ఎత్తినదాన్ని, ఇంతమాత్రం పిల్లకి కొలత తప్పాను."

గుమ్మం దాటాను. దాటి వీధి మలుపు దాకా వెళ్ళాను. ఇది కూడా రాయాలి. ఆ మలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి, ఆమె అలా అనుకోవడం నాకు అనుకూలమే కదా అని కూడా అనుకున్నాను. తర్వాత వెనక్కి వచ్చి, "పెద్దమ్మా, కొలత తప్పింది మీకు కాదు" అన్నాను. నిద్రపోయిన సంగతి చెప్పాను.

ఆమె తల ఎత్తలేదు. మొత్తం ఎన్ని ఫిల్లర్లని అడిగింది. తొమ్మిది. నీళ్ళు కలిపావా అంది. లేదు. అప్పుడు దాని ఒళ్ళు వెచ్చగా ఉందా అంది. లేదు. గిన్నెలో మిగిలిన పాలు పెరట్లో పారబోసింది. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, గ్లూకోజు పొడి డబ్బా తీసింది. కూనను అరచేతిలో బోర్లా వేసుకుని, వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో పొట్ట మీద గుండ్రంగా రాయడం మొదలెట్టింది. నేను తిట్ల కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను. అవి రాకపోవడం భరించలేక, తిట్టమని నేనే అడిగాను.

"తిడితే నీకు తేలిగ్గా ఉంటది. దీనికేం లాభం?" అంది. గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచుతూ చెప్పింది. "నిద్ర పట్టడం తప్పు కాదు, మనిషివి. నాలుగింటికే ఈ మాట చెప్పుంటే అయిదున్నరకి నేను పాలు పట్టేదాన్నే కాదు. ఊరికే అడుగుతానా నేను? నువ్వు చెప్పినదాన్ని బట్టే గదా తర్వాత నేను చేసేది. నువ్వు అబద్ధం నాకు చెప్పాననుకున్నావు. అది తిన్నగా దీని పొట్టలోకి పోయింది."

డ్యూటీకి వెళ్ళనన్నాను. నువ్విక్కడ నిలబడితే దీనికి ఒరిగేదేమీ లేదు, పో, రేపు పొద్దున చేతులు కాచుకుని రా అని పంపించింది. ఆ రాత్రి ఎన్ని దిమ్మలు పగలగొట్టానో తెలియదు. పొద్దున వస్తుంటే మా వీధి మొదట్లో కేరేజీ చెయ్యి మార్చుకునే నెపంతో ఆగిపోయాను. అంతవరకు నేను ఎవరి జవాబుకీ భయపడినవాణ్ణి కాదు. కలెక్టరాఫీసులో కూడా బల్ల గుద్ది అడిగినవాణ్ణి.

సువార్తమ్మ గారు తన గుమ్మంలో కూర్చుని ఉంది. కొంగు మడతలో చెయ్యి దాచుకుంది. ఆదివారం కట్టుకున్న తెల్లచీర మార్చుకోనే లేదు, ముందుభాగమంతా పసుపు మరకలు. నా వంకే చూస్తోంది. నేను మూడు ప్రశ్నలూ అడగాలని ఎదురు చూస్తోందని నాకు కొంచెంసేపటికి గాని తట్టలేదు.

ఎన్నింటికి పట్టారు పెద్దమ్మా అన్నాను. గ్లూకోజు నీళ్ళు గంటగంటకీ అంది. ఎంత అన్నాను. నాలుగేసి చుక్కలు అంది. మూడోది అడగకుండా ఆమె కొంగు వంకే చూశాను. ఆమే కొంగు తీసి చూపించింది. పొట్ట మెత్తబడింది. కూన నిద్రపోతూ వెనక కాలు ఒకటి ఆడిస్తోంది. "పోసిందయ్యా. నా చీరె మీదే" అంది.

నాలుగు రోజులకు దాని కళ్ళు తెరుచుకున్నాయి. వీధిలో అందరూ దాన్ని ఫిల్లరు అనే పిలిచారు. నేను కలానికి వేరే ఫిల్లరు కొనుక్కున్నాను. అప్పటికి నా దగ్గర ఒక అర్జీ సగం రాసి ఉంది. ఫ్యాక్టరీ మేస్త్రీ నన్ను కారణం లేకుండా వేధిస్తున్నాడనీ, నేను ఒక్కరోజు కూడా ఆలస్యంగా వచ్చింది లేదనీ. మళ్ళీ మొదటి నుంచి రాశాను, ఆలస్యంగా వచ్చిన రెండు రోజులూ వేసి. మేస్త్రీ మీద కోపం మాత్రం ఏమీ తగ్గించి రాయలేదు, తగ్గించాల్సిన పనీ లేదు. వేధించింది నిజమే.

నా భార్య కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో పిల్లి ఏమిటని అత్తగారి వైపువాళ్ళు గోల చేస్తే, ఫిల్లరు గోడ దూకి పక్కింటికి మారిపోయింది. రెండిళ్ళ పిల్లిగా తొమ్మిదేళ్ళు బతికింది. నా కూతుర్ని చంకనేసుకోబోయిన ప్రతిసారీ సువార్తమ్మ గారు నన్నే అడిగేది, నా భార్యని కాదు. ఎన్నింటికి, ఎంత, పోసిందా. చెప్పలేకపోతే బిడ్డను ఎత్తుకునేది కాదు. అందుకని ఆ రోజుల్లో మా వీధిలో ఏ మగవాడికీ తెలియని సంగతులు నాకు తెలిసుండేవి. ఐసు ఫ్యాక్టరీలో నవ్వేవాళ్ళు. నేను వాళ్ళని తిట్టేవాణ్ణి.

చివర్లో కూతురు ఆమెను గుడివాడ తీసుకుపోయింది. మంచాన పడిందని తెలిసి వెళ్ళాను. పామర్రులో బస్సు మారాల్సి వచ్చి, అక్కడే మధ్యాహ్నం అయిపోయింది. ఆమెకు మనుషులు పోల్చడం తగ్గిపోయింది. బందరు నుంచి వీరాస్వామి వచ్చాడమ్మా అని కూతురు రెండుసార్లు చెవి దగ్గర చెప్పింది. నా వంక కాసేపు చూసి, "ఎన్నింటికి తిన్నావు?" అంది. మర్యాదకు అడుగుతోందనుకుని ఆ కూతురు నవ్వింది. తిన్నానండీ అని ఎవరైనా అంటారు, పరాయి ఇంట్లో. నేను పొద్దున్నించి తినలేదని చెప్పాను. ఆమె కూతురి వైపు చెయ్యి ఎత్తి చూపించింది. విస్తరి వేశారు. నేను తింటున్నంతసేపూ ఆమె మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

ఇదంతా గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, డెబ్భై నాలుగేళ్ళ వయసులో కూడా మునిసిపాలిటీవాళ్ళు నన్ను చూసి పక్క గదిలోకి పోతారు. పోయిన ఏడాది నా భార్యకు సుగరు ఎక్కువైంది, ఇంట్లోనే మందులు వాడుతున్నాం. ఒక సాయంత్రం మాత్ర వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను. వేశాక చూస్తే అట్టలో రెండు ఖాళీలు. కాసేపటికి ఆమె కళ్ళు తిరుగుతున్నాయంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ చిన్న డాక్టరమ్మ, సాయంత్రం మందు ఎన్నింటికి వేశారని అడిగింది. నా మనవరాలి వయసుంటుంది. పక్కన నా కూతురు నిలబడి ఉంది. ఆరింటికి అన్న మాట తయారుగా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఎక్కడి నుంచి వస్తుందో, ఇన్నేళ్ళయినా వస్తుంది. "ఆరింటికి ఒకసారి, ఏడింటికి ఒకసారి అండీ. రెండోది నా తప్పు" అన్నాను. మంచిపని చేశారు తాతగారూ, లేకపోతే ఇప్పుడు సుగరు తగ్గించే ఇంజక్షను ఇచ్చేసేదాన్ని అని ఆ అమ్మాయి చేతిలో సూది పక్కన పెట్టి, పంచదార నీళ్ళు తెప్పించింది.

ఆ ఆదివారం నిజం చెప్పడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంతసేపు పడుతోంది. అది కూడా ఎక్కువే.